ఫైలు చెల్లదట!

పోయినేడు ఆవకాయ రోజులు. హాల్లో పాత చీర పరిచి, తుడిచిన మామిడి ముక్కలు ఆరబెట్టాను. మా అత్తగారు పక్కనే కుర్చీ వేసుకుని, తడి చేతులతో ఎవరూ అటు రాకుండా కాపలా కాస్తున్నారు. అంతలో గదిలోంచి మా పెద్దమ్మాయి కేక వినిపించింది. "అమ్మా, నా ఫోటో తీసుకోవట్లేదే! చెల్లదంటోంది!"

డిగ్రీ అయిన దగ్గర్నుంచి ఏడాదిన్నరగా అది ఎదురుచూసిన నోటిఫికేషన్. ఆ మర్నాడే ఆఖరి రోజు. ఏ సంస్థ ఉద్యోగమో ఇక్కడ చెప్పను. ఇలాంటి దరఖాస్తులన్నింట్లోనూ కాస్త అటూఇటుగా ఇదే తంతు కాబట్టి పేరుతో పని లేదు.

వెళ్ళి చూస్తే, పేరు, పుట్టిన తేదీ, మార్కులు అన్నీ నింపేసింది. ఫోటో పెట్టే దగ్గర మాత్రం ఎర్ర అక్షరాలతో "ఇన్‌వ్యాలిడ్ ఫైల్ ఫార్మాట్" అని వస్తోంది. అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఏం తప్పో, ఏం చేయాలో చెప్పదు. మా అత్తగారికి విషయం చెబితే ఆవిడకి కోపం వచ్చింది. "ఏటే అమ్మీ, గుంట ఫోటో బాగోనేదంతన్నారేటి? బంగారం నాగుంటే!" అన్నారు. ఆ ఏడుపులోనూ పిల్లకి నవ్వొచ్చింది.

ఆ ఫోటో హైదరాబాదులో ఉండే మా మరిది తీసింది. ఉగాదికి వచ్చినప్పుడు దాన్ని తెల్ల గోడ ముందు నిలబెట్టి, తన ఐఫోన్‌తో శ్రద్ధగా తీశాడు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్లారిటీ పోతుందని డాక్యుమెంటుగా పంపాడు. మంచికని చేసిన ఆ పనే ఇక్కడ అడ్డం తిరిగిందని నాకు తెలిసేసరికి చాలా రోజులు పట్టింది.

ఫారం జేపీజీ మాత్రమే తీసుకుంటుందట. మా అమ్మాయి తెలివిగా ఫైలు పేరు చివర ఉన్న అక్షరాలు కొట్టేసి "జేపీజీ" అని టైపు చేసింది. మళ్ళీ అదే ఎర్ర గీత. సరే, ముందు సంతకం చూద్దామంటే అది 20 కేబీ దాటకూడదట. మాది ఎన్నిసార్లు తీసినా వేలల్లో ఉంది. రాత్రి ఎనిమిదిన్నర అయింది. వాళ్ళ నాన్నగారు "ఆఖరి రోజు దాకా ఏం చేశావు?" అని ఒక మాట అననే అన్నారు. పిల్ల అన్నం తినలేదు. ముక్కలు అత్తగారికి అప్పగించి, దాన్ని తీసుకుని మెయిన్ రోడ్డులో నెట్ సెంటర్‌కి బయల్దేరాను.

అక్కడ మాలాంటివాళ్ళే ఏడెనిమిది మంది ఉన్నారు, ఎక్కువగా ఆడపిల్లలే. మా వంతు వచ్చాక ఆ కుర్రాడు పది నిమిషాల్లో పని ముగించాడు. ఆధార్, టెన్త్ మార్కుల జాబితా, కుల ధ్రువపత్రం అన్నీ స్కాన్ చేశాడు. అమ్మాయి ఫోన్ అడిగి తీసుకుని, ఓటీపీ తనే చూసుకుని కొట్టేశాడు. వంద రూపాయలిచ్చాం. ప్రాణం కుదుటపడింది.

లేచేముందు ఎందుకో ఆ కంప్యూటర్ తెర వైపు చూశాను. తెర నిండా ఫోటోలు. మన ఊరి ఆడపిల్లల పాస్‌పోర్ట్ ఫోటోలు, వాటి పక్కన ఆధార్ కార్డులు, సంతకాలు, పేర్లతో సహా వరసగా ఉన్నాయి. మా వీధి చివరింటి అమ్మాయిది కూడా కనిపించింది. "ఇవన్నీ తీసెయ్యవా బాబూ?" అని అడిగాను. "మళ్ళీ ఇంకో నోటిఫికేషన్‌కి వస్తారు కదమ్మా. అప్పుడు వాళ్ళ దగ్గర ఉండవు, నన్నే అడుగుతారు. అందుకే ఉంచుతాను" అన్నాడు. చెడ్డ కుర్రాడు కాదు, ఉన్న మాటే చెప్పాడు. నేనూ తలూపి వచ్చేశాను. ఆ తలూపడం ఇప్పటికీ నాకు గుర్తొస్తుంటుంది.

మూడు వారాల తర్వాత మా అమ్మాయికి ఫోన్లు మొదలయ్యాయి. ఎవడో పేరు పెట్టి పిలిచి, ఫలానా ఉద్యోగానికి దరఖాస్తు చేశావు కదా, ఐదు వేలు కడితే లిస్టులో పేరు ఉంటుందన్నాడు. ఇంకొకడు రాత్రి పదకొండుకి చేసి ఏవేవో వాగాడు. మా నెంబరు ఎక్కడి నుంచి బయటికి వెళ్ళిందో నేను చెప్పలేను. ఆ కుర్రాడి మీద నింద వేయలేను. కానీ ఆ రాత్రి మా ఇంట్లో వచ్చిన మాట మాత్రం చెప్పగలను. "ఇంక ఈ దరఖాస్తులు ఒగ్గీమను. సంబంధాలు చూద్దాం" అన్నారు మావారు.

ఒక్క ఫోటో ఫైలు తెరుచుకోనందుకు, తిరిగి తిరిగి ఒక పిల్ల చదువు దాకా వచ్చింది వ్యవహారం.

ఆ మాట నాకు నిద్రపట్టనివ్వలేదు. అసలు ఈ "చెల్లదు" అనేది ఏమిటో తెలుసుకోవాలని పట్టుబట్టాను. పిల్లనే గురువుగా పెట్టుకుని, దొరికింది చదివి, అర్థమైనంత అర్థం చేసుకున్నాను.

ఫోన్ ఫోటోని తక్కువ చోటులో ఇమిడ్చి దాచే పద్ధతుల్లో జేపీజీ ఒకటి. 1992లో ప్రమాణంగా వచ్చింది. అందుకే దాదాపు ప్రతి కంప్యూటరూ దాన్ని తెరవగలదు. ఐఫోన్లు మాత్రం 2017 నుంచి హెచ్‌ఈఐసీ అనే ఇంకో పద్ధతిలో ఫోటోలు దాచుకుంటున్నాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అదే జేపీజీగా మారి వస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టే వస్తుంది. ఇదీ మా మరిది ఫోటో కథ.

మరి పేరు మార్చినా ఎందుకు తీసుకోలేదు? ఉప్పు డబ్బా మీద పంచదార అని చీటీ అంటిస్తే కాఫీ తియ్యగా అవుతుందా? ఇదీ అంతే. జాగ్రత్తగా చేసిన సైట్లు చీటీ చూసి ఊరుకోవు, మూత తీసి లోపల చూస్తాయి. జేపీజీ ఫైలు మొదట్లో ఒక గుర్తు ఉంటుంది, పీడీఎఫ్ మొదట్లో ఇంకోటి. అది కలవకపోతే తోసేస్తాయి.

ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. కరోనా కాలంలో, 2020 మేలో, అమెరికాలో కాలేజ్ బోర్డ్ వాళ్ళు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు ఇంటి నుంచే రాయించారు. ఐఫోన్‌తో తీసిన జవాబుల ఫోటోలు ఈ హెచ్‌ఈఐసీలో ఉండి సైటు తీసుకోక, కొందరు పిల్లలు మళ్ళీ పరీక్ష రాయాల్సి వచ్చింది. తర్వాతి వారం నుంచి, అప్‌లోడ్ కాకపోతే ఈమెయిల్‌లో పంపే దారి తెరిచారు.

అలాగని ఏ ఫైలు పడితే అది తీసుకోమని నేను అనను. 2000 మేలో "ఐ లవ్ యూ" అనే పేరుతో ఒక వైరస్ ప్రపంచమంతా తిరిగింది. ఈమెయిల్‌కి జతగా ఒక ప్రేమలేఖ వచ్చేది. చూడ్డానికి మామూలు అక్షరాల ఫైలులా కనిపించేది. అసలు తోక వెనక దాక్కుని ఉండేది. తెరిస్తే అది ఫైళ్ళను పాడుచేసి, ఆ కంప్యూటర్లో ఉన్న చిరునామాలన్నింటికీ తనే ఉత్తరాలు పంపుకునేది. లక్షల మంది దరఖాస్తులు వచ్చే చోట అలాంటిది ఒక్కటి లోపలికి వస్తే అందరి కాగితాలకీ ముప్పే. కాబట్టి గుమ్మం దగ్గర ఆపాల్సిందే. మా అత్తగారు తడి చెయ్యి జాడీలో పెట్టనివ్వకపోవడం కూడా అందుకే కదా. ఒక్క తడి గరిటె ఏడాది పచ్చడిని బూజు పట్టిస్తుంది.

కానీ ఒక తేడా ఉంది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు అత్తగారు నన్ను "వద్దు" అని ఊరుకోలేదు. ఎందుకు వద్దో చెప్పారు. చెయ్యి తుడుచుకోమని పొడిగుడ్డ అందించారు. ఈ ఫారాలు చాలావరకు చేయనిది ఆ రెండో పనే.

అందువల్ల ఏమవుతోంది? వాళ్ళ కంప్యూటర్‌కి ముప్పు రాకూడదని పెట్టిన నియమం దాటడానికి, మన పిల్లలు తమ ఫోటో, ఆధార్, ఫోన్ నెంబరు, ఓటీపీ అన్నీ ముక్కూమొహం తెలియని చోట వదిలి వస్తున్నారు. నెట్ సెంటర్ కాకపోతే, "మీ సంతకం 20 కేబీకి తగ్గిస్తాం" అనే ఏదో ఒక వెబ్‌సైట్. ఆ సంతకం అక్కడ ఎన్నాళ్ళుంటుందో ఎవరు చూడొచ్చారు? వాళ్ళ ఇల్లు భద్రం, మన ఇంటి తాళాలు బజారులో. కంప్యూటర్ ఉన్న ఇంట్లో పిల్లకి ఈ బాధ లేదు. ఫోను తప్ప ఇంకోటి లేని ఇంట్లో పిల్లకే ఇదంతా.

బాగా చెప్పేవాళ్ళు లేకపోలేదు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలకి ఐబీపీఎస్ ఇచ్చే నోటిఫికేషన్ చూడండి. ఫోటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ, ఎడమ బొటనవేలి ముద్ర 20 నుంచి 50, చేత్తో రాసిన డిక్లరేషన్ 50 నుంచి 100 అని వివరంగా ఉంటుంది. సంతకం కాపిటల్ అక్షరాల్లో పెడితే చెల్లదనీ, పెయింట్ ప్రోగ్రాంలో జేపీజీగా ఎలా మార్చుకోవాలో కూడా ఉంటుంది. నేను ఆ పెయింట్ పని నేర్చుకున్నది అలాంటి పేజీల్లోంచే. చిక్కల్లా ఏమిటంటే అవి ఎక్కడో చివర్లో ఉంటాయి. అక్కడి దాకా చదివే ఓపిక ఆఖరి రోజు రాత్రి ఎవరికుంటుంది? మన రాష్ట్రంలో 2025లో 16,347 టీచర్ పోస్టులకి మెగా డీఎస్సీ వచ్చినప్పుడు, దరఖాస్తుతోపాటు సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయడం తప్పనిసరి కాదని, తర్వాత పరిశీలనలో అసలువి చూపిస్తే చాలని మధ్యలో సడలించారు. అంటే తలుచుకుంటే దారి ఉందన్నమాట.

మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి మారింది. చిన్నమ్మాయి ఇంటర్ కోసం కొన్న పాత లాప్‌టాప్ ఉంది. ఫోటోని పెయింట్‌లో తెరిచి, అవసరమైనంత కత్తిరించి, రీసైజ్‌లో తగ్గించి, "సేవ్ యాజ్"లో జేపీజీ ఎంచుకోవడమే. సంతకం తెల్ల కాగితం మీద నల్ల సిరాతో పెట్టి, పొద్దున పూట వసారా వెలుతురులో, నీడ పడకుండా తీయాలి. ముందే కత్తిరిస్తే సగం బరువు అక్కడే తగ్గుతుంది. ఐఫోన్ ఉన్నవాళ్ళు సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్ళి "మోస్ట్ కంపాటిబుల్" పెట్టుకుంటే ఆ తర్వాత తీసేవన్నీ జేపీజీలోనే వస్తాయి. నోటిఫికేషన్ వచ్చిన రోజే ఇవన్నీ చేసి ఒక ఫోల్డర్లో పెట్టుకుంటున్నాం.

తప్పనిసరై నెట్ సెంటర్‌కి వెళ్తే మూడు పనులు. ఓటీపీ మన చేత్తో మనమే కొట్టాలి. పని అయ్యాక మన ఫైళ్ళు డెస్క్‌టాప్ మీంచీ, డౌన్‌లోడ్స్‌లోంచీ, రీసైకిల్ బిన్‌లోంచీ మన ఎదురుగా తీయించాలి. వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే ఫోన్లో "లింక్డ్ డివైసెస్"లోకి వెళ్ళి లాగౌట్ అవ్వాలి. అడగడానికి మొహమాటపడకండి. నేను ఆ రోజు మొహమాటపడ్డాను.

మావారిని ఒప్పించడానికి మాత్రం ఈ పెయింట్ పనికిరాలేదు. వారం రోజులు మాట్లాడలేదు నేను. చివరికి అత్తగారే కొడుకుతో అన్నారు, "ఎవడో ఫోను సేసినాడని గుంటని ఇంట్లో కూకోబెడతావేటి? నెంబరు మార్సరాదా?" అని. నెంబరు మార్చాం. ఈసారి రెండు నోటిఫికేషన్లకి దరఖాస్తు చేసింది, రెండూ ఇంట్లోంచే. పోయినేటి పరీక్ష పోయింది, నాలుగు మార్కుల్లో. ఫైలు చెల్లకపోవడంతో పోలిస్తే అది గౌరవమైన ఓటమే అనుకున్నాం.

మొన్న వీధి చివరింటి అమ్మాయి వాళ్ళమ్మతో మా ఇంటికి వచ్చింది, ఆ తెర మీద నేను చూసిన అమ్మాయే. ఫోటో, సంతకం సరిచేసి, దాని ఫోన్‌కి పంపేశాను. వెళ్ళబోతుంటే ఆగమన్నాను. వాళ్ళ ఎదురుగానే మా లాప్‌టాప్‌లోంచి అన్నీ తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. "ఎందుకు పిన్నీ, మళ్ళీ వస్తాం కదా, ఉండనీ" అంది ఆ పిల్ల.

"మళ్ళీ రా, మళ్ళీ చేస్తాను. నీ కాగితాలు మాత్రం నీ దగ్గరే ఉండాలి" అన్నాను.