నాయిన అడిగిన అంతస్తు

మన నగరంలో మేడలకేం కొదవ? చార్మినార్ గురించి, ఫలక్‌నుమా గురించి వ్రాసేవారు వ్రాస్తూనే ఉన్నారు. నేను వ్రాయబోయేది గన్‌ఫౌండ్రీలోని ఒక బాంకు మేడ గురించి. దానితో నాకొక పాత బాకీ ఉన్నది.

1992లో మాట. మన కాలేజీలో ఎం.కాం. చేరిన కొత్త. ఒక ఆదివారం పాత పుస్తకాలు కొందామని నాయినతో కలిసి ఉప్పల్ చౌరస్తాలో బస్సెక్కాను. రామంతపూర్, అంబర్‌పేట దాటి కోఠీలో దిగి ఆబిడ్స్ వైపు నడిచాం. అటునుంచి గన్‌ఫౌండ్రీకి వచ్చేసరికి నాయిన ఆగిపోయాడు. నాచారం కార్ఖానాలో లేతు మిషను మీద పనిచేసే మనిషి. తలెత్తి అంతస్తులు లెక్కపెడుతున్నాడు.

“ఇదేనారా మన బాంకు పెద్దాఫీసు? మన పైసలు ఏ అంతస్తుల పెట్టిండ్రో!”

నేను పకపకా నవ్వాను. పక్కన పోయేవాళ్లు వింటారేమోనని సిగ్గు కూడా వేసింది. చదువుకున్న గర్వంతో అక్కడే పాఠం చెప్పాను. ఉర్దూలో ఆ చోటుకు ‘తోప్ కా సాంచా’ అని పేరనీ, రెండవ నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ ఫిరంగులు పోయించాడనీ చెప్పాను. ఏడవ నిజాం ప్రభుత్వం 1941లో చట్టం చేయగా, 1942 ఏప్రిల్ 5న ఆ పేటలోనే హైదరాబాద్ స్టేట్ బాంకు తలుపులు తెరిచింది. ఏడు ఉస్మానియా సిక్కా రూపాయలిస్తే ఆరు కల్దార్ రూపాయలు వచ్చే ఆ రోజుల్లో సిక్కా వ్యవహారమంతా ఆ బాంకే చూసేది. 1956లో రిజర్వు బాంకు చేతికి వచ్చి స్టేట్ బాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 1959లో స్టేట్ బాంక్ ఆఫ్ ఇండియాకు అనుబంధమైంది.

“పైసలు అంతస్తుల్లో ఉండవు నాయినా. మనం వేసినవి ఇంకొకరికి అప్పిస్తారు” అని ముగించాను.

ఆయన కాసేపు ఆలోచించి, “అంటే మన పైసలు ఎవరికో పనికొస్తున్నయన్నట్టు. మంచిదే గదా” అన్నాడు.

నేను రెండేళ్లు చదివిన బాంకింగు సారమంతా ఆ ఒక్క మాటలో ఉన్నదని నాకు అప్పుడు తట్టలేదు.

మరుసటి ఏడు ఆ కార్ఖానా మూతపడింది. పేరెందుకు లెండి. గేటుకు తాళం, నోటీసు బోర్డు మీద ఒక కాగితం, అంతే. ఎనిమిది నెలలు మా ఇల్లు గడిచింది, నా పరీక్ష ఫీజు కట్టింది ఆ పాసుబుక్కులోని సొమ్ముతోనే. చివరికి కొద్ది రూపాయలు మిగిలాయి. అవీ తీసుకుందామంటే నాయిన ఒప్పుకోలేదు.

“ఉండనీరా. ఖాతా మూస్తే గా బిల్డింగుల మన పేరుండదు.”

ఈసారి నాకు నవ్వు రాలేదు.

2017 ఏప్రిల్ 1న ఆ బాంకు స్టేట్ బాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. డెబ్బై అయిదేళ్లు నిండటానికి నాలుగు రోజులు తక్కువ! అప్పటికి నాయిన లేడు. ఖాతా అమ్మ పేర నడుస్తున్నది. కొత్త పాసుబుక్కు ఇచ్చిన గుమాస్తాను పాతది నాకే ఇమ్మని అడిగి తెచ్చుకున్నాను. సాయంత్రం పని లేకపోయినా గన్‌ఫౌండ్రీకి పోయి నిలబడ్డాను. బాంకు పేరు పోయినా మేడ ఎక్కడికీ పోలేదు.

ఫిరంగులు పోయాయి, సిక్కాలు పోయాయి, ఇప్పుడు ఆ పేరూ పోయింది. ఇంజనీరు గీసిన నక్షా ప్రకారమే మేడ లేచి ఉండవచ్చు. కానీ నాచారంలో, ఉప్పల్‌లో, ఇంకా ఎన్నో బస్తీల్లో జీతంలోంచి పదీ ఇరవై మిగిల్చి వేసినవాళ్లు లేకపోతే అన్ని అంతస్తుల్లో ఏం పని ఉండేది?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఇంట్లో పెద్దవాళ్లు అమాయకంగా ఏదైనా అడిగితే వెంటనే నవ్వకండి. నేను ఆ రోజు నవ్విన నవ్వు ఇప్పటికీ నాకు వినబడుతూనే ఉన్నది. అన్ని లెక్కలు నేర్చుకున్నాను గానీ, ఆ బాకీ ఏ కౌంటరులో కట్టాలో మాత్రం ఈ రోజు వరకు తెలియలేదు.