జలస్తంభనం – ఒక అమ్మమ్మ పాట్లు

ఈ పుటలో ఇంతవరకు ఛందస్సు, సామెతలు, మా బడి ముచ్చట్లు తప్ప వేరొకటి వ్రాసి ఎరుగను. నేడు ఒక నీటిజంతువును గురించి, అందులోనూ నీటిగొట్టాలను గురించి వ్రాయబోతున్నాను. తెలుగు పండితురాలికి గొట్టాల గోల ఎందుకని మిత్రులు నవ్వుకోవచ్చును. నవ్వండి. నాకు మాత్రం ఆ నాలుగు రోజులు కంటిమీద కునుకు లేదు.

2024 జూన్ మాసంలో టెక్సాస్‌లో మా అమ్మాయి ఇంట ఉన్నాను. పదునాలుగేళ్ళ మనుమరాలి గదిలో నూటయాభై లీటర్ల అద్దాలతొట్టి, అందులో రెండు ఆక్సలాటల్‌లు. జానెడు పొడవు, తలకు ఇరువైపులా మూడేసి ఈకలవంటి మొప్పలు, ఎప్పుడూ చిరునవ్వు నవ్వుతున్నట్లుండే నోరు. తెల్లదాని పేరు ఇడ్లీ, నల్లదాని పేరు మిరియం. మొదటిసారి చూసి బల్లులనుకొని గుమ్మంలోనే ఆగిపోయాను. బల్లి కాదు, చేప అంతకన్నా కాదు, కప్పలాగా ఉభయచరం. కాని తోకకప్ప పెరిగి తోక వదిలి గట్టెక్కినట్లు ఇది ఎక్కదు. బాల్యరూపంతోనే నీటిలో ఉండిపోయి, ఆ రూపంతోనే పిల్లలను కంటుంది.

దీని పుట్టినిల్లు మెక్సికో నగరానికి దక్షిణాన ఉన్న షోచిమిల్కో సరస్సు, దాని కాలువలు. అక్కడ 1998లో చదరపు కిలోమీటరుకు సుమారు ఆరువేలుండగా 2014 నాటి లెక్కలో ముప్పైఆరు మాత్రమే తేలాయట. 2021లో ఆ దేశంవారు యాభై పేసోల నోటుమీద దీని బొమ్మ వేశారు. నోటుమీదికెక్కేసరికి నీటిలో కరువయింది పాపం. పేరు అక్కడి నాహువాట్ల్ భాషది. అందులో ‘అట్ల్’ అంటే నీరు. ఆ ‘ట్ల్’ చూడండి, పరభాషలవారు పలకలేక అవస్థపడే చోట మన లిపి హాయిగా ఒత్తు ఇచ్చి ఊరుకుంటుంది. (పండితురాలి బుద్ధి ఎక్కడికి పోతుంది!)

ఇక కథలోనికి వస్తాను. ఈ జంతువుకు చల్లని నీరు కావాలి. పదహారు, పద్ధెనిమిది డిగ్రీలు హితం. ఇరవైనాలుగు దాటితే ప్రాణానికే ముప్పు. టెక్సాస్ ఎండలు మన రెంటచింతల ఎండలకు అక్కచెల్లెళ్ళు. అందుచేత మా అల్లుడుగారు నీటిని చల్లబరచే యంత్రమొకటి తెచ్చారు. ఆ యంత్రం గుండా నీరు తగినంతగా పారాలి కనుక పాత ఫిల్టరు తీసి గంటకు పదమూడువందల లీటర్లు తోసే పెద్ద ఫిల్టరు పెట్టారు. అంటే తొట్టిలో నీరంతా గంటకు ఎనిమిది తొమ్మిది మార్లు తిరుగుతుందన్నమాట. మరునాడే మనుమరాలు పదిరోజుల వేసవి శిబిరానికి వెళ్ళింది. వెళుతూ, “అమ్మమ్మా, నీదే బాధ్యత” అన్నది. దాని తల్లిదండ్రులను కాక నన్ను నమ్మినందుకు ఎంత పొంగిపోయానో!

రెండవనాటికి ఇడ్లీ మూలకు అంటుకుపోయింది. మొప్పలు వెనుకకు వ్రాలి ఉండవలసినవి ముఖంమీదికి ముడుచుకున్నాయి. తోక కొస కొక్కెంలాగా వంగింది. నేను కళ్ళు సగం మూసుకొని పట్టకారుతో వానపామును అందిస్తే ముఖం త్రిప్పుకున్నది. మిరియం మాత్రం తనది తిని, అటునుంచి వచ్చే ధారలో పడి దొర్లుతూ పోయింది. అప్పుడు అర్థమయింది: గొట్టం మూతినుంచి నీరు బాణంలాగా దూసుకువచ్చి ఎదుటి అద్దానికి కొట్టుకొని మూలమూలనా సుడి తిరుగుతున్నది. నిలకడ నీటిలో పుట్టిన ప్రాణిని వరదకాలువలో పడవేశాము.

నాకు తోచిన మందు నేను వేశాను. రాత్రి పడుకునేముందు ఫిల్టరు ఆపివేశాను. తెల్లవారేసరికి నీరు ఇరవైఒకటి డిగ్రీలకు ఎక్కింది. అదే అనర్థమనుకుంటే, సాయంత్రం శిబిరంనుంచి ఫోనుచేసిన పిల్ల ఈ మాట విని కెవ్వుమన్నది. ఫిల్టరు లోపలి స్పంజిలలో కంటికి కనపడని బాక్టీరియా కాపురముంటుందట. జంతువు విసర్జించే అమ్మోనియా విషాన్ని అవి నైట్రైటుగా, పిదప అంత హానిచేయని నైట్రేటుగా మారుస్తాయి. పారే నీటిలోని ప్రాణవాయువే వాటికి ఊపిరి. నీరు ఆగితే మూసిన డబ్బాలో అవి చస్తాయి. మరల మీట నొక్కితే ఆ కుళ్ళంతా తొట్టిలో పడుతుంది. అదృష్టవశాత్తు నేనింకా మీట నొక్కలేదు. పిల్ల గొంతు వణికింది. కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ రాత్రి అల్లుడుగారూ నేనూ కలిసి స్పంజిలను తొట్టినీటితోనే బకెట్టులో కడిగాము. కుళాయినీటిలోని క్లోరిన్ తగిలితే మిగిలిన బాక్టీరియా కూడా పోతుంది. మూడవవంతు నీరు తీసి, క్లోరిన్ విరిచిన చల్లని నీరు పోసి, యంత్రాలు నడిపించాము. మొదటి ధార తిరిగి వచ్చింది. కవాటం సగం మూద్దామన్నారు ఆయన. ప్రవాహం తగ్గితే చల్లబరచే యంత్రం సరిగా పనిచేయదని వారే మరల వద్దన్నారు.

అప్పుడు మా నాన్న జ్ఞాపకం వచ్చారు. ఆయన గోదావరి కాలువమీద లస్కరు. తూములోనుంచి చేలోనికి దూకే నీరు గట్టు కోసేస్తుంటే రైతులు తూము మూయమనేవారు. నాన్న మూసేవారు కాదు. ధార పడేచోట రాళ్ళు పేర్చి, కంపమోపు అడ్డం వేసేవారు. నీరు వాటికి తలబాదుకొని, చీలి, మెల్లగా మళ్ళలోనికి జారేది. “వడి చావాలిగాని నీరు చావకూడదే” అనేవారు. నీటిని కదలకుండా నిలిపే జలస్తంభన విద్య దుర్యోధనుడిది. మా నాన్నది అంతకన్న పనికివచ్చే విద్య.

ఫిల్టరు వచ్చిన అట్టపెట్టె అడుగున, వరుసగా రంధ్రాలున్న గొట్టమొకటి వాడకుండా పడి ఉన్నది. ఒక్క మూతినుంచి రావలసిన నీరు పదిహేను రంధ్రాలనుంచి వస్తే ధార విడిపోతుంది. దానిని తొట్టి పొట్టివైపు, నీటిమట్టానికి కొంచెం క్రింద, రంధ్రాలు వెనుక అద్దంవైపు తిరిగేట్లు బిగించాము. నీరు మొదట అద్దానికి తగిలి, వడి పోగొట్టుకొని తొట్టిలోనికి వస్తుంది. పైపొర మాత్రం సన్నగా కదులుతూ గాలిని కలుపుకుంటుంది. వత్తుల పత్తిలోనుంచి సన్నని పోగు తీసి పుల్లకు కట్టి తొట్టిలో అక్కడక్కడ ముంచి చూశాను. నడుమ పోగు ఇంకా అడ్డంగా ఊగుతున్నది. అక్కడ మొక్కలను దగ్గర దగ్గరగా జరిపి, గొట్టం చివరి రంధ్రాలమీద ముతక స్పంజి తొడిగాము. మూలన ఒక మట్టికుండను పక్కకు వాల్చి పెట్టాను. దాని నోటివద్ద పోగు నిట్టనిలువుగా వ్రేలాడింది.

రెండు రోజులు ఇడ్లీ కుండ వదలలేదు. నేను రాత్రి రెండింటికి లేచి, టార్చిమీద చేయి అడ్డుపెట్టి చూసేదాన్ని. మూడవనాటి ఉదయం మొప్పలు వెనుకకు వ్రాలి, విసనకర్రల్లాగా మెల్లగా ఊగుతున్నాయి. వానపామును చూపగానే గుటుక్కున లాక్కున్నది. ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు.

మనుమరాలు వచ్చి, సంచీ దించకుండానే తొట్టిముందు కూర్చున్నది. తరువాత పుల్లకు కట్టిన పోగు చూసి ఇదేమిటన్నది. తాతగారి తండ్రి సంగతులైతే దానికి తెలుసుగాని, మా నాన్న సంగతి ఎప్పుడూ చెప్పలేదు. “లస్కరు అంటే ఏమిటి అమ్మమ్మా?” అని అడిగింది. అన్నం చల్లారిపోయేదాకా చెప్పాను.

నేను మా ఊరు తిరిగివచ్చాక మొన్న ఫోను చేసింది. రంధ్రాలలో సగానికి నాచు పట్టి పూడుకుపోతే, మిగిలినవాటిలోనుంచి ధార మరల కొడుతున్నదట. పాత పళ్ళబ్రష్‌తో తోమి, పోగుతో చూడమన్నాను. “చూసేశాను, నిలువుగానే ఉంది” అన్నది.