అమ్మిన సరుకు వాపసు తీసుకోబడును

మన ఊళ్ళల్లో కిరాణా కొట్టు గోడ మీద, దేవుడి పటం పక్కన, రెండు వాక్యాలు ఉండేవి గుర్తుందా? ఒకటి "నేడు రొక్కం, రేపు అరువు". రెండోది "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు". మొదటిదాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు, కొట్టాయనతో సహా. అరువు పద్దు పుస్తకం ఆ బోర్డు కిందే ఉండేది. రెండోదాన్ని మాత్రం అందరూ వేదవాక్కులాగా నమ్మేవాళ్ళం. బట్టల షాపులో ఎక్కడో ఒకచోట "బిల్లు తెస్తే మారుస్తాం, డబ్బివ్వం" అనేవారు. చీరకి ఫాల్ కుట్టించారా, అదీ లేదు.

ఇప్పుడు ఆ బోర్డుకి చట్టంలో బలం లేదు లెండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బివ్వనంటే అది తప్పుడు వ్యాపార పద్ధతి కింద లెక్క. కానీ "ఇంటికెళ్ళాక రంగు నచ్చలేదు" అంటే మాత్రం కొట్టాయన దయ, మన ప్రాప్తం.

అమెరికా వచ్చిన కొత్తలో మనవాళ్ళు మొట్టమొదట ఆశ్చర్యపోయేది ఇక్కడే. వాడి చూసి, విప్పి చూసి, నచ్చలేదని తెస్తే నవ్వుతూ తీసుకుంటారు. ఇదేదో చట్టం అనుకుంటారు చాలామంది. కాదు. మనసు మారిందని తెచ్చిన వస్తువుని తీసుకోవాలని దేశం మొత్తానికి వర్తించే చట్టమేదీ లేదు. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో, వాపసు తీసుకోని కొట్టు ఆ సంగతి కొనేవాళ్ళకి కనబడేలా రాసి పెట్టాలి, అంతే. మిగతాదంతా వ్యాపారం. తిరిగి తీసుకుంటారన్న ధైర్యముంటే జనం ఎక్కువ కొంటారు, కొన్నదాంట్లో ఎక్కువ భాగం ఇంట్లోనే ఉండిపోతుంది. ఆ లెక్క తప్పినప్పుడు వాళ్ళూ మారతారు. ఎన్నేళ్ళ తర్వాతైనా తీసుకుంటామన్న ఎల్.ఎల్.బీన్ కంపెనీ 2018 ఫిబ్రవరిలో ఏడాది గడువు పెట్టేసింది.

ఇదంతా నాకెందుకు తెలుసంటే, యం.యస్. చదివే రోజుల్లో రెండేళ్ళు మా యూనివర్సిటీ పుస్తకాల షాపులో క్యాషియర్‌గా చేశాను. 2012 ఆగస్టు నుంచి. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల దాకా, అదీ క్యాంపస్ మీద మాత్రమే పని చేసుకోవచ్చు. ఆ 20 గంటల కోసం మనవాళ్ళలో ఎంత పోటీ ఉంటుందో అనుభవించినవాళ్ళకి తెలుసు. ఇంటి అద్దెలో నా వంతు, బియ్యం, ఫోన్ బిల్లు ఆ డబ్బుతోనే గడిచేవి.

సెమిస్టర్ మొదటి రెండు వారాలూ ఆ షాపు తిరుపతి క్యూ కాంప్లెక్సే. కొనేవాళ్ళొక వరస, తిరిగిచ్చేవాళ్ళొక వరస. వాపసు నియమాలు మూడే. రసీదు ఉండాలి. క్లాసులు మొదలైన వారంలోపు తేవాలి. ప్లాస్టిక్ కవరు విప్పకూడదు. ఈ మూడోదాని దగ్గరే యుద్ధాలన్నీ. ఎందుకంటే చాలా పుస్తకాలకి లోపల ఒక కోడ్ ఉంటుంది. గీకి ఆ నంబరు కొడితేనే హోంవర్కు వెబ్‌సైట్ తెరుచుకుంటుంది. ఒక్కసారి వాడితే అయిపోయింది, ఇక ఆ పుస్తకం కొత్తదానిలా ఎవరికీ అమ్మడానికి లేదు. 200 డాలర్ల పుస్తకం, గంట క్రితం కొన్నది, కవరు చింపినందుకు 200 డాలర్లూ పోయాయంటే ఎవరికైనా కడుపు మండదూ?

అరిచేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, "మా నాన్న లాయరు" అనేవాళ్ళు, "మా డీన్‌కి చెప్తా" అనేవాళ్ళు... అందరినీ చూశాను. మా మేనేజరమ్మ, ఆ షాపులోనే జుట్టు నెరిసిన మనిషి, మొదటిరోజే మూడు మాటలు చెప్పింది.

ఒకటి, "పాలసీ" అన్న మాట నోట్లోంచి రానివ్వకు. ఆ మాట వినగానే మనిషికి గోడ కనిపిస్తుంది. కారణం చెప్పు. "ఈ కోడ్ ఇంకొకరికి పనిచేయదండీ" అంటే సగంమంది చల్లబడతారు.

రెండు, కుదరదని చెప్పేముందు ఏది కుదురుతుందో చెప్పు. కోడ్ విడిగా దొరుకుతుందా, పాత పుస్తకం ఉందా, అద్దెకి ఉందా, లైబ్రరీలో ఒక కాపీ పెట్టారా... ఇవి ముందే తెలుసుకుని ఉంచుకో.

మూడు, వాళ్ళు గొంతు పెంచితే నువ్వు తగ్గించు. నీ మాట వినబడాలంటే వాళ్ళు ఆపాల్సిందే.

మూడోది మంత్రంలా పనిచేసేది. నమ్మకపోతే ఇంట్లో ప్రయత్నించి చూడండి. (మా ఆవిడ దగ్గర మాత్రం ఇప్పటిదాకా పనిచేయలేదు.)

ఇక డబ్బు విషయంలో ఒక నియమం అసలు కదలదు. కార్డు మీద కొన్నదానికి రొక్కం ఇవ్వకూడదు, అదే కార్డు మీదికి వెనక్కి వేయాలి. లేకపోతే దొంగిలించిన కార్డుతో కొని, పక్క కౌంటర్లో నోట్లు చేసుకుని పోతారు. నిజాయితీపరులకి ఇది అర్థంలేని ఇబ్బందిలా కనిపిస్తుంది. ఆ కోపం పడాల్సింది మాత్రం కౌంటర్లో ఉన్నవాడే.

పరాయివాళ్ళ కోపం ఎలాగో పడొచ్చు. కష్టం మనవాళ్ళతోనే. మా అపార్ట్‌మెంట్లోనే ఉండే ఒక జూనియర్, గుంటూరబ్బాయి, గీకేసిన కోడుతో పుస్తకం తెచ్చాడు. వరసలో నిలబడి, నా వంతుకి వచ్చాక తెలుగులో మొదలెట్టాడు. "అన్నా, నువ్వే కదా ఉన్నావ్, కొట్టేయ్ అన్నా. ఎవరు చూస్తారు?" నేను తెలుగులోనే చెప్పాను, కుదరదు తమ్ముడూ, లైబ్రరీలో రెండు కాపీలున్నాయి, వచ్చే సెమిస్టర్‌కి పాతది నేనే పక్కన పెడతాను అని. వినలేదు. "ఊరుగాని ఊర్లో మనోడివని వస్తే నువ్వూ తెల్లోడివైపోయావన్నా" అని పుస్తకం లాక్కుని వెళ్ళిపోయాడు. ఆ ఉద్యోగం పోతే నాకు క్యాంపస్‌లో ఇంకోటి దొరుకుతుందన్న నమ్మకం లేదు. అది వాడికి తెలుసు. తర్వాత రెండు నెలలు, వంట వంతు వచ్చిన ప్రతిసారీ నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా నాకు పప్పు వండిపెట్టాడు. ఉప్పు మాత్రం సరిగ్గానే వేసేవాడు.

సరే, ఇక వంద నోటు సంగతి. పొద్దున్నే సొరుగులో 150 డాలర్ల చిల్లరతో కౌంటర్ తెరుస్తాం. మొదటి మనిషి డాలరున్నర పెన్ను కొని వంద ఇస్తాడు. మన ఆర్టీసీ కండక్టరు దగ్గరైతే "చిల్లర లేకుండా బస్సెందుకెక్కావ్" అని అక్కడే హరికథ మొదలయ్యేది. ఇక్కడ మనం చిరునవ్వుతో "చిన్న నోటు ఉందా అండీ?" అనాలి. కొందరు నోటు మీది అక్షరాలు చూపిస్తారు, అన్ని అప్పులకీ చెల్లుతుందని ప్రభుత్వమే రాసింది కదా అని. నిజమే, కానీ అక్కడ రాసింది అప్పుల గురించి. పెన్ను ఇంకా అమ్మలేదు కాబట్టి అప్పు లేదు. ప్రైవేటు కొట్టు ఫలానా నోటు తీసుకుని తీరాలని కేంద్ర చట్టమేదీ లేదు. కొన్ని రాష్ట్రాల్లో రొక్కం తీసుకోవాలని నియమాలున్నాయి, అది వేరే సంగతి. ఈ వాదన నాకు కంఠతా వచ్చినా కౌంటర్లో ఎప్పుడూ వాడలేదు. వాదన గెలిస్తే వరస ఆగిపోతుంది.

నోటు తీసుకున్నాక ఇంకో పద్ధతి. "వందకి" అని పైకి అనాలి. చిల్లర ఇచ్చేదాకా ఆ నోటుని సొరుగులో పడెయ్యకుండా, ఇద్దరికీ కనబడేలా సొరుగు పైనే అడ్డంగా పెట్టాలి. "నేనిచ్చింది వంద, నువ్విచ్చింది ఇరవైకి చిల్లర" అన్న గొడవ రాకుండా. చిల్లర లెక్కపెడుతుండగా మధ్యలో "ఆగు, ఆ పది ఇచ్చెయ్, ఈ అయిదులు తీసుకో" అని గజిబిజి చేసేవాళ్ళూ ఉంటారు. అలాంటప్పుడు ఒక్కటే మార్గం. అన్నీ ఆపి, మొదటినుంచి లెక్కపెట్టడం.

2013 జనవరిలో ఒకావిడ వచ్చింది, కూతుర్ని మొదటి ఏడాదిలో చేర్చడానికి. పనిమనిషి పని చేస్తుందని తర్వాత తెలిసింది. కవర్లోంచి నాలుగు వంద నోట్లు తీసి లెక్కపెట్టి ఇచ్చింది. పెన్నుతో గీశాను, నాలుగూ బానే ఉన్నాయి. ఆ పెన్నులో ఉండేది అయొడిన్. మామూలు కాయితంలోని గంజికి తగిలితే నల్లబడుతుంది. డాలరు నోటు పత్తీ నారా కలిపి చేసింది కాబట్టి నల్లబడదు. దొంగలకి ఇది తెలుసు. అందుకే అసలైన అయిదు డాలర్ల నోటుని కడిగేసి, దాని మీదే వంద అచ్చేస్తారు. పెన్ను దాన్ని పట్టుకోలేదు. వెలుతురుకెత్తి చూడాలి. మూడింట్లో ఫ్రాంక్లిన్ నీడ కనిపించింది. నాలుగోదాంట్లో లింకన్ కనిపించాడు.

అలాంటి నోటు చేతికొస్తే, ప్రమాదం లేదనిపిస్తే, తిరిగి ఇవ్వకూడదు. పోలీసుల్ని పిలవాలి. ఇచ్చినవాళ్ళకి బదులు డబ్బు రాదు. అంటే ఆ ఇంట్లో ఆ నెల వంద డాలర్లు గాల్లో కలిసిపోయినట్టే. నేను గొంతు తగ్గించి, ఇది మీ తప్పు కాదు, మీకెవరో అంటగట్టారు అని మొదలుపెట్టాను. ఆవిడ మొహం పాలిపోయింది. వెంటనే కోపం వచ్చింది. "నువ్వే మార్చావు!" అంది. నోటు నాలుగూ సొరుగు మీదే, ఆవిడ కళ్ళెదురుగానే ఉన్నాయి. అది చూశాక ఆ మాట ఆపింది. ఆ తర్వాత నెమ్మదిగా అంది, "నా కూతురి ముందు నన్ను దొంగని చేశావు" అని.

మేనేజరమ్మ వచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. క్యాంపస్ పోలీసు కాయితం రాసుకుని ఆవిడతో మర్యాదగానే మాట్లాడాడు. మేము రెండు కొత్త పుస్తకాల బదులు పాతవి వెతికి, ఒకటి అద్దెకి మార్చి, బిల్లు మూడొందల లోపు చేశాం. చేయాల్సింది అంతా సరిగ్గానే జరిగింది. అయినా ఆ పిల్ల తల దించుకుని తల్లి భుజం మీద చెయ్యి వేసిన తీరు పన్నెండేళ్ళు దాటినా నాకు గుర్తుంది. ఆ ఏడాది అక్టోబరులో నీలం పట్టీ ఉన్న కొత్త వంద నోటు వచ్చింది. కాస్త వంచితే పట్టీలో బొమ్మలు కదులుతాయి, పోల్చుకోవడం తేలిక. ఆవిడకి తొమ్మిది నెలలు ఆలస్యంగా వచ్చిందనిపించింది.

ఇప్పుడు నేను కన్సల్టెంటుని. విచిత్రమేంటంటే తిరిగి తిరిగి కౌంటరు దగ్గరికే వచ్చాను. మొన్నామధ్య ఒక షాపుల గొలుసు వాళ్ళకి వాపసులు చూసే సాఫ్ట్‌వేర్ రాశాం. కొనుగోలుదారు పాత వాపసులన్నీ చూసి, తీసుకోవచ్చో లేదో సిస్టమే తేలుస్తుంది. స్పెసిఫికేషన్లో క్యాషియర్‌కి కనిపించే మాట ఒక్కటే, "తిరస్కరించబడింది". కారణం లేదు. కారణం చూపిస్తే జనం కిటుకు పట్టేస్తారని వాళ్ళ భయం. అది అబద్ధమేమీ కాదు. కానీ ఆ తెర వెనక గంటకి పదిహేను డాలర్లకి నిలబడ్డ పిల్ల ఎదుటివాడికి ఏం చెప్పాలి? రెండు మీటింగుల్లో ఈ ఒక్క ముక్క మీదే వాదించాను. రెండు అడిగాను. ఒకటి, కారణమూ ఫిర్యాదుకి ఫోన్ నంబరూ ఉన్న చీటీ అచ్చవ్వాలి. రెండు, చిన్న మొత్తాల్లో క్యాషియర్ తనంతట తానే సరే అనగలగాలి. చీటీకి ఒప్పుకున్నారు. రెండోదానికి ఒప్పుకోలేదు. "మెషిన్ నిర్ణయం మెషిన్‌దే" అన్నారు. నిర్ణయం మెషిన్‌దే కావచ్చు, తిట్లు మాత్రం మెషిన్ తినదు కదండీ.

చివరగా మనవాళ్ళతో ఒక మాట. అమ్మానాన్నా ఆర్నెల్లుండటానికి వస్తున్నారని పరుపు కొని, వాళ్ళు విమానం ఎక్కిన మర్నాడు తిరిగిచ్చేవాళ్ళు నాకు తెలుసు. నయాగరా చూడ్డానికి ముందు కెమెరా కొని, ఫోటోలు దించుకుని సోమవారం వాపసు చేసేవాళ్ళూ తెలుసు. "వాళ్ళే తీసుకుంటున్నారు కదా, నీకేంటి బాధ?" అంటారు, పైగా అది తెలివితేటల కింద కొత్తవాళ్ళకి నేర్పిస్తారు కూడా. సిస్టమ్ అన్నీ గుర్తుపెట్టుకుంటోంది. గడువులు తగ్గుతున్నాయి. రేపు నిజంగా పాడైన కుక్కర్ పట్టుకుని, అంతంతమాత్రం ఇంగ్లీషుతో, మన అమ్మలాంటి ఆవిడ ఒకతె వరసలో నిలబడుతుంది. ఎదురుగా ఉన్న పిల్ల తెర చూసి తల అడ్డంగా ఊపుతుంది. వాళ్ళిద్దరూ ఏ తప్పూ చేయలేదు. ఆ పరుపు మీద పడుకున్నవాళ్ళెవరో వాళ్ళకి తెలియను కూడా తెలియదు.