తాళం ఏ కంపెనీదైనా...

కంప్యూటరున్న ఇంట్లో ఒక వాదన ఎప్పటికీ తెగదు. విండోస్‌కి వైరస్‌లెక్కువ అంటారొకరు. లైనక్స్ వేసుకుంటే ఏ బెడదా ఉండదంటాడు ఇంజినీరింగ్ చదివే కుర్రాడు. అమెరికా నుంచి మ్యాక్ తెచ్చుకున్న అల్లుడుగారు ఇద్దరి మాటా పట్టించుకోరు. 'మాకసలు వైరస్ అనేదే రాదు' అని చిరునవ్వు నవ్వి ఊరుకుంటారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. ముగ్గురూ మర్చిపోయే సంగతి కూడా ఒకటుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఇంటిపెద్ద లాంటిది. ఏ ప్రోగ్రామ్ ఏ గదిలోకి వెళ్లొచ్చు, ఏ బీరువా తెరవొచ్చు, కొత్తగా వచ్చినవాణ్ని వరండాలో కూర్చోబెట్టాలా, లోపలిదాకా రానివ్వాలా... ఇవన్నీ చూసుకునేది అదే. ఆ పెద్ద కాస్త ఏమరుపాటుగా ఉంటే చాలు, దొంగ లోపలికొచ్చేస్తాడు.

నిజానికి దొంగ రాని ఇల్లంటూ ఏదీ లేదు. 1982లో అమెరికాలో రిచ్ స్క్రెంటా అనే 15 ఏళ్ల బడిపిల్లాడు స్నేహితుల్ని ఆటపట్టించడానికి రాసిన 'ఎల్క్ క్లోనర్' వైరస్ ఫ్లాపీల ద్వారా పాకింది యాపిల్ కంప్యూటర్లలోనే. 1986లో లాహోర్‌కు చెందిన ఇద్దరు అన్నదమ్ములు రాసిన 'బ్రెయిన్' డాస్ కంప్యూటర్లను పట్టుకుంది. అందులో వాళ్ల పేర్లు, చిరునామా, ఫోన్ నంబరు కూడా ఉండేవి! 1988 నవంబర్‌లో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన పురుగు వేలాది యూనిక్స్ యంత్రాలను స్తంభింపజేసింది. అంటే మూడు వంశాలకీ మచ్చ ఆనాడే పడింది.

మరి చెడ్డపేరంతా విండోస్‌కే ఎందుకొచ్చింది? దానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది, కాసిన చెట్టుకే రాళ్ల దెబ్బలు. ఇళ్లల్లో, ఆఫీసుల్లో ఎక్కడ చూసినా విండోసే. ఒక్క తాళంచెవి చేయించుకుంటే కోట్ల ఇళ్లు తెరుచుకుంటాయంటే దొంగ ఆ చెవే చేయించుకుంటాడు కదా!

రెండోది పుట్టుకలోనే ఉంది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పురుడుపోసుకున్న యూనిక్స్ ఉమ్మడి కుటుంబంలో పెరిగిన బిడ్డ. ఒకే కంప్యూటర్ మీద ఎంతోమంది పనిచేసేవారు. ఒకరి కాగితాలు మరొకరు చూడకూడదు. అందుకే ఎవరి గది వారిది, అన్ని గదుల తాళాలూ ఒక్క అధికారి దగ్గరే. 1991లో వచ్చిన లైనక్స్ ఆ పద్ధతినే అనుసరించింది. 2001లో వచ్చిన మ్యాక్ ఓఎస్ ఎక్స్ కూడా ఆ బాటలోదే. డాస్ సంగతి వేరు. ఒక మనిషి, ఒక యంత్రం. ఇంట్లో ఒక్కడే ఉంటే గదులకు తాళాలెందుకు? 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో వేర్వేరు ఖాతాల ఏర్పాటున్నా, ఇళ్లల్లో దాదాపు అందరూ సర్వాధికారాలున్న ఖాతాతోనే పనిచేసేవారు. ఆ ఖాతాలో నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కూ అవే అధికారాలు దక్కేవి. ఎక్కణ్నుంచో దించుకున్న ఆటైనా సరే, మెయిల్లో వచ్చిన ప్రేమలేఖైనా సరే. పేనుకు పెత్తనమిచ్చినట్టే!

2000 మేలో ఫిలిప్పీన్స్ నుంచి బయల్దేరిన 'ఐ లవ్ యూ' మెయిల్ ప్రపంచాన్ని చుట్టేసింది. 2002 జనవరిలో బిల్ గేట్స్ తన ఉద్యోగులకు కొత్త హంగులకన్నా భద్రతే ముఖ్యమంటూ లేఖ రాయాల్సొచ్చింది. అయినా 2003 ఆగస్టులో 'బ్లాస్టర్' వచ్చిపడింది. దానికి ఎవరూ ఏ ఫైలూ తెరవక్కర్లేదు, ఇంటర్నెట్ కనెక్షనుంటే చాలు. 2004లో ఎక్స్‌పీకి వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో గానీ ఫైర్‌వాల్ దానంతటదే పనిచేయడం మొదలవలేదు. 2007లో మార్కెట్లోకి వచ్చిన విస్టా కీలకమైన మార్పులకు అనుమతి అడగడం నేర్చుకుంది. మాటిమాటికీ అడుగుతోందని విసుక్కుని దాన్ని ఆపేసినవాళ్లూ ఉన్నారు.

విండోస్ ఇలా దెబ్బలు తిని బుద్ధి తెచ్చుకుంటుంటే, మిగతా ఇద్దరికీ పరీక్షలు ఎదురయ్యాయి. 2012లో 'ఫ్లాష్‌బ్యాక్' 6 లక్షలకు పైగా మ్యాక్‌లలో చేరింది. అది దూరిన రంధ్రం జావాలోది. దాన్ని మిగతా కంప్యూటర్లకు ఫిబ్రవరిలోనే పూడ్చారు. మ్యాక్‌లకు ఆ మరమ్మతు ఏప్రిల్లో గానీ అందలేదు.

లైనక్స్ అభిమానులు గర్వంగా చెప్పే మాట ఒకటుంది. దాని లోపలి రాత ఎవరైనా చదువుకోవచ్చు, కాబట్టి తప్పులు దాగవు అని. కానీ చదవొచ్చు అనడం వేరు, చదవడం వేరు. 2014లో బయటపడ్డ 'షెల్‌షాక్' లోపం అందరి కళ్లెదుటే సుమారు 25 ఏళ్లు పడి ఉంది. 2024 మార్చిలో ఇంకో వింత జరిగింది. లైనక్స్‌లో వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉపకరణంలోకి ఎవరో రెండేళ్లపాటు మంచివాడిలా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి దొంగదారి పెట్టేశారు. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి బయటపడింది. ఆయన పనిచేస్తున్నది ఎక్కడో కాదు, మైక్రోసాఫ్ట్‌లోనే! ఆ రాత తెరిచి ఉండబట్టే ఆయన దొంగను పట్టుకోగలిగారన్నదీ నిజమే.

ఇక ఎవరు మెరుగని తేల్చడమెలా? రంధ్రం పడిందా లేదా అన్నది కాదు లెక్క. పడిన రంధ్రాన్ని ఎంత త్వరగా పూడ్చారు, ఆ మరమ్మతు ఇంటిదాకా ఎప్పుడొచ్చింది అన్నదే లెక్క. ఈ పాఠం 2017 మే 12న ప్రపంచానికి బాగా తెలిసొచ్చింది. 'వాన్నా క్రై' అనే పురుగు దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్ ఆస్పత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ రంధ్రానికి మైక్రోసాఫ్ట్ మరమ్మతు విడుదల చేసింది మార్చి 14న. అంటే 59 రోజుల ముందే! మందు ఊళ్లోనే ఉంది, వేసుకున్నవాళ్లే లేరు.

అలాగని అప్‌డేట్ అన్న ప్రతిదీ అమృతమేమీ కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను కూలదోసింది. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కంచే చేను మేయడమంటే అదే. అయితే కంచె ఒకరోజు మేసిందని కంచెలే వద్దనుకునే రైతు ఉండడు.

ఇప్పుడు చాలా ఇళ్లల్లో అసలు కంప్యూటర్ చేతిలో ఉండే ఫోనే. ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లైనక్సే. ప్రతి యాప్‌నూ విడి గదిలో ఉంచే ఏర్పాటు దానికీ ఉంది, ఐఫోన్‌కూ ఉంది. తేడా మరమ్మతు అందడంలోనే. ఐఫోన్‌కు యాపిల్ నేరుగా పంపుతుంది. ఆండ్రాయిడ్‌కు ముఖ్యమైన మరమ్మతులు గూగుల్ దగ్గర బయల్దేరి ఫోను తయారీదారు చేతుల మీదుగా రావాలి. ఖరీదైన కొన్ని మోడళ్లకు 7 ఏళ్లపాటు ఇస్తామన్న హామీలు 2023లో మొదలయ్యాయి. చవక ఫోన్లకు చాలా ముందే ఆగిపోతాయి. ఫోను పనిచేస్తూనే ఉంటుంది, కాపలాదారు మాత్రం వెళ్లిపోయి ఉంటాడు.

వాట్సాప్‌లో వచ్చే దొంగ శుభలేఖలది మరో దారి. పెళ్లి పిలుపనో, ట్రాఫిక్ చలానా అనో ఒక ఏపీకే ఫైలు వస్తుంది. ఇది తెలియని చోటు నుంచి వచ్చిందని ఫోను హెచ్చరిస్తుంది. మెసేజ్‌లు చదవడానికి అనుమతి ఇవ్వాలా అని అడుగుతుంది. 'సరే' అని నొక్కితే ఓటీపీలు దొంగకు చేరిపోతాయి. ఇంటివాళ్లే తలుపు తీసి రమ్మంటే తాళమేం చేస్తుంది పాపం!

ఇంట్లో కొత్త ఫోను కొన్నప్పుడు ఏం జరుగుతుందో చూస్తే అసలు చిక్కు అర్థమవుతుంది. కొత్తది కాలేజీకెళ్లే అబ్బాయికి. అతని పాతది అమ్మకి. అమ్మ పాతది తాతయ్యకి. తాతయ్య పింఛను పడే బ్యాంకు ఖాతా ఉన్నది ఆ మూడో చేతి ఫోనులోనే. మరమ్మతులు రావడం ఎప్పుడో ఆగిపోయిన ఫోను అది. పెళ్లి పిలుపంటే ఎవరింట్లోనో అని ముచ్చటగా తెరిచి చూసేదీ ఆయనే. విండోసా, లైనక్సా అని హాల్లో వాదన జరుగుతుండగా ఆ ఇంటి బలహీనమైన తలుపు ఆయన చొక్కా జేబులో ఉంటుంది.

కొత్త ఫోను ముందు ఆయనకివ్వడం పెద్ద ఖర్చేం కాదు. నెలకోసారి పక్కన కూర్చుని అప్‌డేట్లు చూడటానికి పట్టేది పది నిమిషాలు. అన్నిటికన్నా కష్టమైంది ఇంకొకటుంది. 'బాబూ, ఇది నొక్కొచ్చా?' అని ఆయన అడిగినప్పుడు విసుక్కోకపోవడం. విసుక్కుంటే రెండోసారి అడగరు. అడక్కుండా నొక్కేస్తారు.