మంచు ఊరి నుంచి దివిసీమకు

సిరక్యూస్, న్యూయార్క్ రాష్ట్రం

అవనిగడ్డలోని మావయ్యగారికి,

చూసిన వింతలన్నీ వివరంగా రాయమన్నారు. మొదటి వింత మంచే. చలికాలం మొత్తం మీద సుమారు పదడుగుల మంచు పడే ఊరిది. తెల్లారేసరికి వీధిలో నిలిపిన కార్లు ఎక్కడున్నాయో ఆనవాలు దొరకదు. అయినా పిల్లలు బడికి వెళ్ళే వేళకల్లా రోడ్లు తెరిచి ఉంటాయి. ఈ ఊరు పుట్టింది ఉప్పు వల్ల. ఒనొండగా సరస్సు పక్కనున్న ఉప్పు ఊటల నీళ్ళు కాచి ఉప్పు తీసేవారు. 1825లో ఈరీ కాలువ పూర్తయ్యాక ఆ ఉప్పంతా పడవలెక్కి వెళ్ళింది. తరవాత ఊరి నడుమ కాలువను పూడ్చి రోడ్డు వేసేశారు. ఆ రోడ్డు మీద నడుస్తున్నప్పుడల్లా బందరు కాలువలో పడవలు తిరిగిన రోజుల గురించి మీరు చెప్పినవే గుర్తొస్తాయి.

ఇక నా చదువు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్ చదవడానికి ఇంత దూరం ఎందుకురా అని మీరు అడిగారు కదా. నేను చదివే మాక్స్‌వెల్ స్కూలు 1924లో మొదలైంది. ఈ సిరక్యూస్ విశ్వవిద్యాలయంలోనే చదివి బోస్టన్‌లో సంపాదించిన జార్జ్ మాక్స్‌వెల్ ఇచ్చిన డబ్బుతో పెట్టారు. అమెరికాలో విశ్వవిద్యాలయ స్థాయిలో ఈ పట్టా మొదలైంది ఇక్కడే. లోపలికి అడుగు పెట్టగానే గోడ మీద పూర్వం ఏథెన్స్ యువకులు చేసిన ప్రమాణం చెక్కి ఉంటుంది. మాకు దక్కిన నగరాన్ని ఇంకా మెరుగుపరిచి తరవాతి వాళ్ళకు అప్పగిస్తాం అని దాని భావం. ఈ స్కూలుకు డీన్‌గా ఉన్న పాల్ ఆపిల్‌బీ 1953లో మన దేశ పరిపాలన తీరు పరిశీలించి నివేదిక ఇచ్చాడు. ఆ మరుసటి ఏడే ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ వెలిసింది. మీ ప్రభుత్వ ఆఫీసులో ఫైలు నడిచే పద్ధతి గురించి ఈ మంచు ఊరి మనిషి అంత శ్రద్ధగా ఆలోచించాడంటే నాకు ఆశ్చర్యంగా ఉంది.

పాఠాలు కూడా మన కాలేజీల్లో చెప్పినట్టు ఉండవు. నిజంగా జరిగిన ఒక సంఘటన కాగితాలు చేతికిచ్చి, ఆ రాత్రి ఆ కుర్చీలో నువ్వుంటే ఏం చేసేవాడివి అని అడుగుతారు. నా పక్కన కూర్చునేవాళ్ళలో ఆసుపత్రిలో పనిచేసి వచ్చినామె ఉంది, ఆకలిగొన్నవాళ్ళకు అన్నం పెట్టే సంస్థ నడిపినాయన ఉన్నాడు. స్వచ్ఛంద సంస్థను నడపడం కూడా ఇక్కడ ఒక విద్యే. విరాళం అడగడం, లెక్క చెప్పడం, పనివాళ్ళను నిలుపుకోవడం, చేసిన సాయం నిజంగా అందిందా అని కొలవడం, ఇవన్నీ నేర్పుతారు.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది ఫారం 990 అనే కాగితం. పన్ను మినహాయింపు ఉన్న చాలా సంస్థలు దీన్ని ఏటేటా ప్రభుత్వానికి దాఖలు చేయాలి. చర్చిలకు మాత్రం ఆ నిబంధన లేదు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, పెద్ద అధికారి జీతమెంత, అన్నీ అందులో ఉంటాయి. గత మూడేళ్ళ కాగితాలు ఎవరు వచ్చి అడిగినా చూపించి తీరాలని చట్టం. దాత పేరు దాచుకోవచ్చుగాని దానం డబ్బు దారి దాచడానికి వీల్లేదు. ఇది మన దగ్గరా రావాలి మావయ్యా, తప్పకుండా రావాలి.

చుట్టుపక్కల పల్లెల్లో ఇంకో రెండు వింతలున్నాయి. చాలాచోట్ల మంటలార్పే దళం జీతం లేనిదే. కొట్టు నడిపేవాడూ మేస్టారూ పిలుపు రాగానే పరుగెత్తుకొస్తారు. మే నెల మూడో మంగళవారం నాడు బడి బడ్జెట్టు మీద ఊరివాళ్ళు ఓటు వేస్తారు. రెండుసార్లు కాదన్నారంటే కిందటేడు వసూలు చేసిన పన్నుకు మించి ఒక్క డాలరు కూడా వేయకూడదు.

ఒకరోజు తరగతిలో నా వంతు వచ్చినప్పుడు మన ఉప్పెన గురించి చెప్పాను. 1977 నవంబరు 19. మనిషికి మూడింతల ఎత్తున లేచిన నీరు దివి పల్లెల మీద పడింది. సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల్లోనే చనిపోయినవాళ్ళు సుమారు పదివేలు. మన గుడివాడ ప్రాంతం నుంచి వెళ్ళి పెద్ద నటులైన ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి వీధుల్లో విరాళాలు అడిగారని, మన దివిసీమ నాయకులు మండలి వెంకట కృష్ణారావుగారు సహాయం కోసం పాటుపడ్డారని, దేశవిదేశాల సంస్థలు వచ్చి ఇళ్ళు, తుపాను షెల్టర్లు కట్టాయని చెప్పాను. అందరూ నిశ్శబ్దంగా విన్నారు.

తరవాత 1990 సంగతి చెప్పాను. మే 9న దాదాపు అంతే బలమైన తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఆ ప్రాణనష్టమూ చిన్నది కాదు, కాని వెయ్యి లోపే. పదమూడేళ్ళలో వచ్చిన మార్పు అది. జాలి రెండుసార్లూ ఉంది. రెండోసారి ముందే కబురుంది, లక్షల్లో జనాన్ని తరలించిన ఏర్పాటుంది. మా ప్రొఫెసరు వెంటనే పెన్ను తీశారు. జనాన్ని కదిలించిన తీరు ఎక్కడ రాసి ఉందని అడిగారు. మా మావయ్యలాంటి వాళ్ళ జ్ఞాపకంలో ఉందన్నాను.

అందుకే ఈ ఉత్తరం. 1990లో మీరు ఎమ్మార్వో ఆఫీసులో ఉన్నారు. నాగాయలంక, కోడూరు వైపు కబురు ఎవరు తీసుకెళ్ళారు, దండోరా ఎప్పుడు వేయించారు, పశువుల్ని వదిలి రామన్నవాళ్ళకు ఏం చెప్పి ఒప్పించారు, లారీలు ఎవరిచ్చారు, షెల్టరు తాళాలు ఎవరి దగ్గరున్నాయి, అన్నం ఎవరు వండారు, ఎక్కడ పొరపాటు జరిగింది, అన్నీ రాయండి. మీతో పనిచేసిన వాళ్ళ చేత, కరకట్ట మీది పడవలవాళ్ళ చేత కూడా చెప్పించండి. 1910లోనే సొంతంగా ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టుకున్న ఊరు మన బందరు. ఇప్పుడక్కడ కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. ఈ పాఠం ముందు అక్కడ చెప్పాలి, ఇక్కడివాళ్ళు దాన్ని తెప్పించుకుని చదవాలి. రాసిన కాగితాలను ఫోటోలు తీసి పంపమని తమ్ముడికి చెప్పండి. సెలవుల్లో వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని తారీఖులు సరిచూద్దాం.

అత్తయ్యగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
మీ మేనల్లుడు