చాయ్ బల్ల మీద రోజుకో ప్రశ్న

తెలుగులో తొలి టాకీ ఏది? "భక్త ప్రహ్లాద" అని ఠక్కున చెప్పేస్తారు మీరు. సరే, విడుదల తేదీ? లాల్ దర్వాజా దగ్గర మా చాయ్ బల్ల మీద ఈ ఒక్క ప్రశ్నా వారం రోజులు నలిగింది సుమండీ! 1931 సెప్టెంబర్ 15 అని ఏళ్ల తరబడి రాసుకున్నారు. కాదు, 1932 ఫిబ్రవరి 6న, బొంబాయి కృష్ణా సినిమాలో అని పరిశోధకుడు రెంటాల జయదేవ ఆధారాలతో తేల్చారు.

మేం నలుగురం. రోజుకొకరు ప్రశ్న వేయాలి, ఓడినవాళ్లు చాయ్ డబ్బులివ్వాలి. కానీ ఉత్త జవాబు ఎవరూ చెప్పరు! కరీంనగర్‌లో పుట్టి, హిందీ తెర మీద వెలిగి, 1980 సంవత్సరానికి ఫాల్కే అవార్డు పొందిందెవరు? "పైడి జైరాజ్... అన్నట్టు మా చెల్లెకు సంబంధం కుదిరింది" అంటాడొకడు. గోల్కొండలో పుట్టిన హిందీ విలన్? "అజిత్! మా ఓనరు మళ్లీ కిరాయి పెంచిండు" అంటాడింకొకడు.

లాడ్ బజార్ గాజుల కొట్లో పనిచేసే మిత్రుడు ఒకసారి రెండ్రోజులు రాలేదు. మూడోనాడు వచ్చి, తెలిసిన జవాబు కూడా చెప్పలేదు. "అమ్మీకి ఆపరేషన్ అంటున్నరు. పైసల్ తక్కువున్నయ్" అన్నాడు మెల్లగా. ప్రశ్న పక్కన పెట్టి లేచాం. సాయంత్రానికి తలా కొంత పోగేశాం.

అమ్మీ ఇప్పుడు కులాసా. కొడుకు చేత ప్రశ్నలు పంపుతోంది. నిన్నటిది: దిలీప్ కుమార్ అసలు పేరు? ముగ్గురికీ తెలుసు. ముగ్గురం ఓడిపోయాం!