ఒక్కరోజులో ముంచింగిపుట్టు... కుదురుతుందా?

బొర్రా గుహలు రెండుసార్లు చూసేశారు. అరకులో గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట అయిపోయాయి. పొద్దున్నే లేచి వంజంగి కొండెక్కి మేఘాలూ చూసొచ్చారు. ఇంకేం మిగిలింది? చలికాలం మొదలైతే చాలు, విశాఖలో చాలా ఇళ్లలో శనివారం రాత్రి భోజనాల దగ్గర ఇదే చర్చ. పిల్లలేమో టీవీలో చూసిన వర్షారణ్యం కావాలంటారు. చెట్ల మీంచి తీగలు వేలాడాలి, జలపాతం దూకాలి, వీలైతే పులి కూడా కనిపించాలి. నాన్నకేమో సోమవారం ఉదయానికల్లా ఆఫీసులో ఉండాలి. అమ్మకు ఒకటే షరతు... చీకటి పడ్డాక ఘాట్ రోడ్డు వద్దు!

ఈ ముగ్గురి కోరికలనూ ఒకే ఆదివారంలో ఇరికించాలని చూస్తే మ్యాపులో వేలు ఆగే చోటు ముంచింగిపుట్టు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరుకు ఉత్తరాన, ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం. సముద్రమట్టానికి మూడు వేల అడుగుల చేరువలో ఉంటుంది. అక్కడ అడవి ఉంది, నది ఉంది, పెద్ద జలాశయం ఉంది, అయిదు వందల అడుగులకు పైగా ఎత్తు నుంచి పడే జలపాతం ఉంది. లేనిది ఒక్కటే... గేటు. టిక్కెట్టు కొని లోపలికి వెళ్లి, సాయంత్రం అయిదింటికి బయటికొచ్చే జాతీయ పార్కు కాదిది. ప్రయాణం ఎలా వేసుకోవాలన్నది ఆ తేడాను బట్టే ఉంటుంది.

పార్కు ఎక్కడ... అడవి ఎక్కడ?

ముందు పిల్లలకు నిజం చెప్పెయ్యడం మంచిది. తూర్పు కనుమల్లో ఈ భాగం అచ్చమైన వర్షారణ్యం కాదు. వర్షారణ్యానికి ఏడాదికి కనీసం రెండు వేల మిల్లీమీటర్ల వాన కావాలంటారు. ఇక్కడ మామూలుగా అంత పడదు. అందుకే వేసవిలో ఆకు రాల్చే చెట్లే ఎక్కువ. మద్ది, వేగిస, ఇప్ప, గుగ్గిలం... ఏడాది పొడవునా తడి నిలిచే లోయల్లో మాత్రం ఆకు రాల్చని చెట్లు గుబురుగా కనిపిస్తాయి. పులి సంగతి... దాన్ని నమ్ముకుని బయల్దేరకపోవడమే ఉత్తమం.

గేటున్న వర్షారణ్యమే చూడాలంటే కేరళ వెళ్లాలి. అక్కడి సైలెంట్ వ్యాలీలో ముక్కాలి దగ్గర జీపు ఎక్కిస్తారు. పక్కన గైడు కూర్చుంటాడు. ఇరవై మూడు కిలోమీటర్లు లోపలికి తీసుకెళ్లి, సైరంధ్రి అనే చోట కుంతీ నదిని చూపించి వెనక్కి తెస్తారు. అంతా ఒక పూటలో అయిపోతుంది. 1970ల్లో ఆ నది మీద జలవిద్యుత్ డ్యాము కడతామంటే కవులు, సైంటిస్టులు, టీచర్లు కలిసి పెద్ద ఉద్యమం చేశారు. డ్యాము ఆగింది. 1984లో ఆ అడవి జాతీయ పార్కయింది.

ముంచింగిపుట్టు కథ దానికి సరిగ్గా తలకిందులు. ఇక్కడ డ్యాము ఆగలేదు. మాచ్‌ఖండ్ నది మీద జలవిద్యుత్ కేంద్రం కట్టడానికి 1946లోనే మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. 1955లో కరెంటు ఉత్పత్తి మొదలైంది. అప్పటికింకా ఆంధ్రప్రదేశ్ కూడా ఏర్పడలేదు! ఆ నీటిని నిల్వ చేసేందుకు కట్టిందే జోలాపుట్ డ్యాము. ఇవాళ పర్యాటకులు ‘ఎంత అందమైన సరస్సో’ అని ఫొటోలు తీసుకునేది దాని నీటినే. ఆ నీటి అడుగున పొలాలున్నాయి, ఊళ్లున్నాయి. అప్పట్లో వేల కుటుంబాలు ఇళ్లు వదులుకుని పైకి జరిగాయి. వారిలో గిరిజనులే ఎక్కువ. ఇక్కడ పుట్టిన కరెంటు తీగల మీద మైదానానికి వెళ్లిపోయింది. కొండల మీది ఎన్నో ఊళ్లలో బల్బు వెలగడానికి మాత్రం ఇంకా దశాబ్దాలు పట్టింది. జోలాపుట్ ఒడ్డున నిలబడినప్పుడు పిల్లలకు ఈ ముక్క కూడా చెబితే, వాళ్లు ఆ నీటిని చూసే చూపే వేరుగా ఉంటుంది.

గడియారంతో పందెం

ఇక అసలు లెక్క. విశాఖ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు దాదాపు 110 కిలోమీటర్లు. అక్కడి నుంచి పెదబయలు మీదుగా ముంచింగిపుట్టుకు మరో నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఆ పైన జోలాపుట్‌కు ఇంకో ఇరవై దాకా. మొత్తం రానూపోనూ 340 కిలోమీటర్లు. హైవే మీద అయితే ఇదేమంత దూరం కాదు. ఇది కొండదారి. గంటకు పాతిక, ముప్ఫై కిలోమీటర్లు సాగితే గొప్పే.

వీటికి తోడు సూర్యుడొకడు. దేశానికి ఈ తూర్పు కొసన పొద్దు త్వరగా గూకుతుంది. డిసెంబరులో సాయంత్రం అయిదున్నరకే సూర్యాస్తమయం. కొండల నీడలో అంతకన్నా ముందే చీకటి. అంటే పగలు చేతికొచ్చేది పదకొండు గంటలే. అందులో సగానికి పైగా సీట్లో కూర్చునే గడిచిపోతుంది.

అయినా ఒక్కరోజులోనే వెళ్లి తీరాలంటే తెల్లవారుజామున నాలుగింటికి బండి కదలాలి. ఏడున్నర, ఎనిమిదికి పాడేరు. టిఫిను అక్కడే. ట్యాంకు నింపుకోవడం, చేతిలో డబ్బు చూసుకోవడం కూడా అక్కడే. ముందుకు వెళ్లేకొద్దీ సెల్ ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఫోన్‌తో డబ్బు చెల్లించొచ్చు కదా అనుకుంటే ఇబ్బంది పడతారు. తొమ్మిదిన్నర, పదింటికి ముంచింగిపుట్టు. పదకొండుకు జోలాపుట్. మధ్యాహ్నం రెండు కొట్టేసరికి, ఇంకా ఏమి చూడకపోయినా సరే, బండి వెనక్కి తిరగాలి. అలాగైతేనే నాలుగున్నరకు పాడేరు చేరి, వెలుగుండగానే ఘాట్ దిగొచ్చు. అమ్మవారి పాదాల దగ్గర బండి ఆపి, మోదకొండమ్మకు దండం పెట్టుకుని కదిలే డ్రైవర్లను ఆ దారిలో చూస్తారు. ఊరికే కాదు. 2023 ఆగస్టులో ఓ బస్సు ఈ ఘాట్‌లోనే లోయలోకి పడి ప్రాణాలు పోయాయి.

రైలు మాటేమిటి అంటారేమో! కిరండూల్ పాసింజరు, అద్దాల పెట్టె, సొరంగాలు... పిల్లలకు పండగే. కానీ పొద్దున్న విశాఖలో ఎక్కితే అరకు చేరేసరికి పదకొండవుతుంది. అక్కడి నుంచి కారు మాట్లాడుకుని ముంచింగిపుట్టు వెళ్లి మళ్లీ రావడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. రైలు సరదా అరకు వరకే ఉంచుకోవాలి.

తెలివైన పని ఇంకొకటుంది. శనివారం సాయంత్రానికే పాడేరో అరకో చేరి పడుకోవడం. అప్పుడు ఆదివారం పొద్దున్న ఏడింటికే అడవిలో ఉంటారు. ముంచింగిపుట్టులో దిగొచ్చు కదా అంటే, అక్కడ రిసార్టులు వెతక్కండి. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. గిరిజనేతరులకు ఇక్కడ భూమి బదలాయింపు చెల్లదని 1970లో వచ్చిన చట్టం చెబుతోంది. ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని అందరూ అనేది దాన్నే. పట్నం వాళ్లు వచ్చి కొండకొక హోటలు కట్టకపోవడానికి అదో కారణం. పర్యాటకులకు కాస్త ఇబ్బందే గానీ, ఆ కొండలు ఇంకా అక్కడి వాళ్ల చేతిలో ఉన్నాయంటే దాని చలవే.

దారిలో కనిపించే అడవి

పాడేరు దాటాక రోడ్డుకు రెండువైపులా నిటారుగా, బూడిదరంగు కాండాలతో బారులు తీరిన చెట్లు కనిపిస్తాయి. ‘అడవి వచ్చేసింది’ అని పిల్లలు అరుస్తారు. అది అడవి కాదు, కాఫీ తోట. ఆ చెట్లు సిల్వర్ ఓక్‌లు. పుట్టిల్లు ఆస్ట్రేలియా. కాఫీ మొక్కకు నీడ కోసం తెచ్చి నాటారు. వాటికి పాకిన తీగ మిరియం. పోడు కొట్టి బతికే గిరిజన రైతు ఒకే చోట నిలదొక్కుకోవాలని ఐటీడీఏ ఈ తోటల్ని ప్రోత్సహించింది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నవంబరు నుంచి జనవరి దాకా వెళ్తే ఎర్రగా పండిన కాఫీ కాయలు కోస్తున్న కుటుంబాలు కనిపిస్తాయి. అసలు అడవి ఇంకా పైన, దూరంగా కొండల నెత్తిన ఉంటుంది. కిందంతా మనుషులు చేసుకున్న అడవి. ఊరి చుట్టూ పనస, చింత, మామిడి.

అక్టోబరు చివర్లో వెళ్లేవాళ్లకు ఇంకో దృశ్యం. వాలుగా ఉన్న చేలన్నీ పసుపు రాసినట్టు వలిసె పూలు. నూనెగింజ పంట అది. అరకు వైపు పూలలో నిలబడి ఫొటో దిగితే రైతులు పదో ఇరవయ్యో తీసుకుంటున్నారు. అడిగితే ఇచ్చెయ్యాలి. తొక్కిన మొక్క ఖరీదు అంతకన్నా ఎక్కువే.

పెదబయలు దాటాక ఊళ్ల పేర్లు మారతాయి. చాలావాటికి చివర ‘పుట్టు’ వస్తుంది. మాటా మారుతుంది. తెలుగు అర్థమవుతుంది గానీ ఇంట్లో, సంతలో వినిపించేది ఎక్కువగా ఆదివాసీ ఒడియా. పోర్జ, గదబ, బగత, కోటియ, కొండదొర... ఎవరి కట్టు వారిది. దారిలో వారపు సంత తగిలితే మాత్రం ఓ గంట ఆగాల్సిందే. అడ్డాకుల కట్టలు, అల్లం, పసుపు, రాజ్‌మా, పిప్పళ్లు, చోళ్లు. బేరం చేయడంలో పట్నం ఆడవాళ్లకు ఇక్కడి ఆడవాళ్లు ఏమాత్రం తీసిపోరు. చోడంబలి దొరికితే తాగి చూడండి. మధ్యాహ్నం దాకా ఆకలనిపించదు.

నది... జలాశయం... డుడుమ

ఈ నదిని పాడేరు వైపు మత్స్యగెడ్డ అంటారు. సరిహద్దు చేరేసరికి మాచ్‌ఖండ్ అవుతుంది. హుకుంపేట మండలంలో మత్స్యగుండం అనే చోట ఈ గెడ్డలో చేపల్ని ఎవరూ పట్టరు. దేవుడి చేపలని నమ్మకం. అక్కడ మత్స్యలింగేశ్వరుడి గుడి ఉంది. శివరాత్రికి జాతర జరుగుతుంది.

జోలాపుట్ జలాశయం పూర్తి మట్టం 2750 అడుగులు. నిండుగా ఉన్నప్పుడు నీరు కొండల మధ్య వేళ్లలా చీలి ఊళ్ల ముంగిట దాకా వస్తుంది. ఒకప్పుడు నడిచి వెళ్లిన పక్క ఊరికి ఇప్పుడు నాటుపడవ కావాలి. అవి బోల్తా పడిన వార్తలు పేపర్లో చదువుతూనే ఉంటాం. అక్కడి వాళ్లకు అది అవసరం. సరదాకి మాత్రం ఎవరూ, ముఖ్యంగా పిల్లలతో, ఆ పడవలెక్కకూడదు.

డుడుమ జలపాతం ఇంకా ముందుకు, సరిగ్గా రెండు రాష్ట్రాల హద్దులో. నది ఒక్కసారిగా లోయలోకి దూకే చోటు. చాలామంది వేసవిలో వెళ్లి ‘ఇంతేనా’ అని పెదవి విరుస్తారు. తప్పు జలపాతానిది కాదు. పైనున్న డ్యాములో నీటిని పక్కకు మళ్లించి పవర్‌హౌసుకు పంపుతారు. వానలు బాగా కురిసి డ్యాము పొంగినప్పుడే డుడుమ తన అసలు రూపం చూపిస్తుంది. అంటే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. కాకపోతే అప్పుడే రోడ్లు కోసుకుపోతాయి, కొండచరియలు జారతాయి. పైనుంచి ఎప్పుడు నీళ్లు వదులుతారో తెలియదు కాబట్టి కిందికి దిగి బండల మీద కూర్చోవడం ప్రమాదం. పవర్‌హౌసు లోపలికి అనుమతి లేకుండా వెళ్లనివ్వరు. గేటు దగ్గర వాదించి లాభం లేదు.

అవతల ఒడిశాలో ఒనకఢిల్లీ ఉంది. మన ఢిల్లీకీ దానికీ ఏ సంబంధమూ లేదు! అక్కడ గురువారం సంతకు కొండల మీంచి బోండా గిరిజనులు దిగివస్తారు. వాళ్ల పూసల అలంకరణను కెమెరాల్లో బంధించడానికే ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లుండేవారు. ఆదివారం వెళ్లే కుటుంబానికి ఆ సంత కనిపించదు. అదీ ఒకందుకు మంచిదే. కూరగాయలు కొనుక్కోవడానికి వచ్చిన మనిషి మొహం ముందు కెమెరా పెట్టడం మన రైతుబజారులో ఎవరైనా చేస్తే ఊరుకుంటామా? అడిగి తీయాలి. వద్దంటే మానాలి.

సంచిలో ఏముండాలి?

ముందుగా స్వెటర్లు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పాడేరు ఏజెన్సీలో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. దోమల మందు తప్పనిసరి, ఏజెన్సీలో మలేరియా భయం ఉంది. తిరిగొచ్చాక పది పదిహేను రోజుల్లో చలిజ్వరం వస్తే డాక్టరుకు ఎక్కడికి వెళ్లొచ్చిందీ చెప్పాలి. మంచినీళ్లు, పులిహోరో పెరుగన్నమో ఇంటి నుంచే. ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ ప్లేట్లు మళ్లీ సంచిలోనే వెనక్కి. చెత్త ఎత్తే పార్కు సిబ్బంది ఇక్కడ ఉండరు మరి.

భద్రత గురించి కూడా అడుగుతారు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు చాలా ఏళ్లు మావోయిస్టుల పేరుతోనే వార్తల్లోకెక్కింది. 2018 సెప్టెంబరు 23న ఇక్కడికి దగ్గర్లోనే, డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు వద్ద అప్పటి అరకు ఎమ్మెల్యేనీ, మాజీ ఎమ్మెల్యేనీ కాల్చి చంపారు. ఆ రోజులు వేరు. అయినా బయల్దేరే ముందు పాడేరులో రోడ్డు సంగతి, పరిస్థితి ఓ మాట అడిగి కదిలితే పోయేదేమీ లేదు. మట్టిరోడ్డు పట్టుకుని లోపలికి వెళ్లిపోదామన్న సాహసం మాత్రం వద్దు.

ఇంత చెప్పాక కూడా పిల్లలు ‘జాతీయ పార్కే కావాలి’ అంటే దానికీ దారుంది. జోలాపుట్‌లో చూసిన ఈ నీళ్లే దిగువకు వెళ్లి సీలేరవుతాయి, శబరిలో కలుస్తాయి, కూనవరం దగ్గర గోదావరిలో చేరి పాపికొండల మధ్య నుంచి సాగిపోతాయి. ఆ పాపికొండల అడవినే 2008లో జాతీయ పార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. కాకపోతే నీటికున్న దారి కారుకు లేదు. విశాఖ వాళ్లు రాజమండ్రి మీదుగా వెళ్లాలి. దానికి ఇంకో రెండు రోజులు సెలవు పెట్టుకోవాలి.